నా ఫ్యాన్, మా అమ్మ ఆవు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు మా తమ్ముడు రవి నన్ను టేకులపల్లి దగ్గర తాను పెట్టిన డెయిరీకి తీసుకుపోయాడు. మే నెల. కారు దిగి నాలుగడుగులు వేసేసరికి చెప్పులు దాటుకుని సెగ అరికాళ్లకు ఎక్కింది. అలాంటి ఎండలో వాడి ఆవులు మాత్రం ఎత్తైన షెడ్డు కింద, బండి చక్రాలంత ఫ్యాన్ల ముందు, పైపుల్లోంచి సన్నగా రాలే నీటి తుంపరలో తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. "చూసినవా అక్కా, ఎండాకాలంల గూడ చూడి నిలుస్తున్నయ్. వేడి తగిలిందంటే ఆవు ఎదకొచ్చిన సంగతే బయటికి తెల్వది. తెలిసి సూది ఏసినా లోపల పిండం నిలవది. అందుకే ఇన్ని తిప్పలు" అని వాడు గర్వంగా చెప్పుకుపోతున్నాడు. నేను తలూపుతున్నాను గానీ నా కళ్లు వాడి మీద లేవు, ఆవుల మీదా లేవు. దాణా బస్తాల వెనక, గోడకు కొట్టిన చెక్క మీద, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పాత టేబుల్ ఫ్యాన్ ఒకటి ఉంది. ముందు జాలీ ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కు ఎవరిదో నాకు తెలుసు.

"ఇది నీ దగ్గరెందుకుందిరా?" అన్నాను.

"అమ్మ ఇచ్చింది. డెయిరీ మొదలువెట్టిన నాడు మొదటి ఆవు ముందల ఇదే పెట్టుమన్నది. తిరుగుత లేదే అంటే, తిరగకున్నా పెట్టు, మంచిది అన్నది."

"అది నాది."

రవి నవ్వాడు. "అక్కా, నువ్వు నానమ్మవైనవ్."

"అయితే? నాది నాదే." అని చెక్క మీది నుంచి దాన్ని దించి ఒళ్లో పెట్టుకున్నాను. దాని బరువు నాకు ఇంకా గుర్తుంది. జీవితంలో నేను పడిన అసూయలు చాలానే ఉన్నాయి, తోడికోడలి నగల మీద, తోటి టీచర్ల బదిలీల మీద, నాకంటే చక్కగా రాసేవాళ్ల మీద. కానీ అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే పాతది మాత్రం ఒక ఆవు మీద పడ్డది. దాని పేరు సీత.

మాది మణుగూరు బొగ్గుబావులకూ అడవికీ మధ్య ఇరుక్కున్న ఊరు. నాయిన బాయిలో పనిచేసేవాడు. ఫస్టు షిఫ్టుకు పోయే రోజుల్లో తెల్లారకముందే సైకిలు తీసేవాడు, తిరిగి వచ్చేసరికి చెవుల వెనక, గోళ్ల సందుల్లో బొగ్గు. ఎంత తోమినా పోని ఆ నలుపు మీద కొబ్బరినూనె రాసుకుంటే వచ్చే వాసనే నాకు నాయిన వాసన. అమ్మది వేరే వాసన. తవుడు, పులిసిన కుడితి, తడిసిన గోనెసంచి. మాఘం దాటాక అడవి నుంచి ఇప్పపూల తీపి వాసన వచ్చేది, దాన్ని కూడా అమ్మ కొంగులోని కుడితి వాసన మింగేసేది. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పెరడు, పెరడు చివర పశువుల కొట్టం. రవి అప్పటికింకా పలక పట్టుకుని తిరిగేవాడు. నేను మణుగూరు కాలేజీలో ఇంటర్ రెండో ఏడు. పొద్దున బస్సు, మధ్యాహ్నం బస్సు. ఇంట్లో నేను చదువుకునే చోటు అంటూ ఒకటి ఉండేది కాదు. బియ్యం కుండల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటే అదే నా గది.

మా పక్కిల్లు పెద్దమ్మది. నాయిన వాళ్ల అన్న భార్య. రెండిళ్లకూ మధ్య ముళ్లకంప తప్ప గోడ లేదు. ఆ కంప మీంచి పచ్చడి మెతుకులూ పోయేవి, తిట్లూ పోయేవి. సర్కారు పథకంలో మా ఊరికి మొదటి విడత జెర్సీ ఆవులు వచ్చినప్పుడు పెద్దమ్మకు ఒకటి వచ్చింది, మాకు రాలేదు. ఆ ఏడాదంతా అమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పెద్దమ్మ పొద్దున్నే క్యాన్ కట్టి కాలనీ క్వార్టర్లకు పాలు పంపుతుంటే అమ్మ వాకిట్లో కసువు ఊడుస్తున్నట్టు నటిస్తూ, క్యాన్ ఎంత నిండిందో చూసేది. రాత్రి అన్నం వడ్డిస్తూ నాయినతో "మీ వదినె ఆవు కొమ్ములు సక్కగ లెవ్వు" అనేది. నాయిన పళ్లెంలోంచి తలెత్తకుండా "పాలు కొమ్ములకెళ్లి రావు గదా" అనేవాడు. రెండో విడతలో మాకూ ఆవు వచ్చింది. లేత గోధుమరంగు ఒళ్లు, మూతి చుట్టూ నలుపు, కళ్ల కింద కాటుక పెట్టినట్టు గీత. చలికాలంలో వచ్చింది, వెంట ఎదిగిన దూడ. అమ్మ దాన్ని చూసి ఏడ్చింది. భద్రాద్రి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టి సీత అని పేరు పెట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దమ్మ ఆవు ఉండేది గడ్డికప్పు పాకలో. పాక మీదికి సొర తీగ, పక్కన చిక్కుడు పందిరి. అమ్మకు తన ఆవును అలాంటి చోట కట్టడం చిన్నతనంగా తోచింది. "బయటి దేశం రకం. దానికి గడ్డి గుడిసేంది" అని నాయిన వెంటపడి, పాత కప్పు పీకించి, ఇనుప రేకులు తెప్పించి కొట్టానికి వేయించింది. మా ఊళ్లో అప్పటిదాకా ఏ ఇంటికీ రేకులు లేవు. మనుషులకే లేవు. మేం పడుకునే పెంకుటిల్లు వానొస్తే మూడు చోట్ల కారేది, కారేచోట గిన్నె పెట్టుకునేవాళ్లం. ఆవుకు మాత్రం కొత్త రేకులు, పొద్దెక్కితే దూరాన బస్సు స్టేజీ దాకా మెరుపు. అమ్మ పనిగట్టుకుని స్టేజీ దాకా పోయి ఆ మెరుపు చూసి వచ్చింది. పెద్దమ్మ కంప మీంచి "ఆవుకు బంగ్లా కట్టిండ్రు, మనుషులెప్పుడు పోతరు అండ్లకు?" అంది. అది ఎత్తిపొడుపే గానీ, ఆ గొంతులో కడుపుమంట ఉందని అమ్మ పసిగట్టింది. ఆ పూట మా ఇంట్లో బెల్లం పరమాన్నం.

ఇక నా సంగతి. మా ఊళ్లో తల్లులంతా కూతుళ్లను బిడ్డా అనే పిలుస్తారు. మా అమ్మ నన్ను ఏమే, ఓ పిల్లా, ఏం చేస్తున్నవే అనేది. బిడ్డా అన్న మాటను అమ్మ ఎక్కడో దాచిపెట్టుకుందని, ఎవరికో ఇవ్వాలని చూస్తోందని నాకు సీత వచ్చాకే తెలిసింది. "తిను బిడ్డా. కాలెత్తు బిడ్డా. ఏమైందిరా బిడ్డా, ఈగలు ముసురుతున్నయా?" పాలు పిండుతూ సీత పొట్టకు చెంప ఆనించి ఏవేవో చెప్పేది. నాయిన సంగతులు, పెద్దమ్మ సంగతులు, తన పుట్టింటి సంగతులు. అవి నేను ఎన్నడూ వినలేదు. కంప పక్కన నిలబడి, ఒక ఆవు చెవిలో పడే మాటల్లోంచి మా అమ్మమ్మ ఎలా చనిపోయిందో తెలుసుకున్నాను. నా తలకు నూనె రాయమంటే తీరిక లేదనేది, సీతకు మాత్రం కొమ్ముల మొదళ్ల దగ్గర వేళ్లతో రుద్ది రుద్ది రాసేది. నేనే బోరింగు కొట్టి మోసిన నీళ్లు, నేనే చెరిగిన తవుడు, నేనే ఎండబెట్టిన పిడకల పొగ. అనుభవించేది అది. నాకు కోపం వచ్చేది కాదు, కోపమైతే చల్లారుతుంది. అసూయ అన్నం ముద్దలో కూడా తగిలేది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాయి. సీత ఎదకు రావాలి, ఆంబోతుకు బదులు వేసే సూది వేయించాలి, చూడి కట్టాలి. చూడి కడితేనే మళ్లీ ఈత, మళ్లీ పాలు. లేకపోతే ఉన్న పాలు ఎండిపోయి, ఆవు మేపుడు దండగయ్యి సంతకు పోతుంది. అమ్మ పొద్దుటే లేచి కొట్టంలోకి పోయి తోక ఎత్తి చూసేది. సీత అరవదు, కట్టుకొయ్య చుట్టూ తిరగదు, మిగతా ఆవుల్లా గోల చేయదు. ఎండ పొడవకముందు కాసేపు కుదురు లేకుండా మెసిలేది, అంతే, పొద్దెక్కేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడేది. అయినా అమ్మ కనిపెట్టింది. పశువుల దవాఖానా కంపౌండరు సైకిలు మీద వచ్చి సూది వేసిపోయాడు. మూడు వారాలకు మళ్లీ ఎద. మా దగ్గర దాన్ని తిరగపొర్లడం అంటారు, అంటే సూది నిలవలేదన్నమాట. మళ్లీ సూది, మళ్లీ తిరగపొర్లింది. కంపౌండరు చేతులు కడుక్కుంటూ "నా సూదిల ఏం లోపం లేదమ్మా" అన్నాడు. "మరి నా ఆవులున్నదా లోపం?" అని అమ్మ అతనికి సబ్బు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని అడిగింది. అతను ఉత్త నీళ్లతోనే కడుక్కుని పోయాడు.

అదే రోజుల్లో పెద్దమ్మ ఆవు ఈనింది. పెయ్యదూడ. ఊరంతా చూసి వచ్చారు, అమ్మ తప్ప. నాలుగో రోజు పెద్దమ్మ జున్ను వండి, మూత పెట్టిన స్టీలు గిన్నెలో మా ఇంటికి పట్టుకొచ్చింది. బెల్లం, మిరియాలు, యాలకులు. గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ తీసుకుంది, మర్యాదగా నవ్వింది, పెద్దమ్మ కంప దాటగానే గిన్నెను ఉట్టి మీద పెట్టింది. "ముట్టకుండ్రి. ఆమె కండ్లు పడ్డంకనే నా బిడ్డకు చూడి నిలుస్తలేదు" అంది. ఆ సాయంత్రమే సీత మెడకు నల్లదారం, కొట్టం దూలానికి పాత చెప్పు, వాకిట్లో గుమ్మడికాయ. మర్నాటి నుంచి పెద్దమ్మతో మాటలు బంద్. నేను మాత్రం అమ్మ బోరింగుకు పోయినప్పుడు ఉట్టి దించి జున్నంతా తిన్నాను. ఇప్పటికీ అంత మంచి జున్ను తినలేదు. నాకు పెద్దమ్మ మీద ఏ పగా లేదు, నా పోటీ వేరొకరితో.

పరీక్షల ముందు నాయిన ఆ ఫ్యాన్ తెచ్చాడు. ఆకుపచ్చ రెక్కలు, మూడు బొత్తాలు, తల అటూ ఇటూ తిప్పే మర. సైకిలు వెనక దుప్పటిలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. బియ్యం కుండల మీద పీట వేసి దాన్ని పెట్టి, "సదువుకో తల్లీ. చెమటకు పుస్తకం తడుస్తున్నది" అన్నాడు. నా ఒక్కదాని కోసం మా ఇంట్లోకి వచ్చిన మొదటి వస్తువు అది. పండగ పరికిణీలు కూడా పెదనాన్న కూతురివి చిన్నవయ్యాకే నాకు వచ్చేవి. ఆ రోజు బొత్తాం నొక్కి ముఖం దగ్గరగా పెట్టుకుని ఆ అని అరిచాను, గొంతు ముక్కలై తిరిగి వచ్చింది. రవి కూడా అరిచాడు. అమ్మ గడపలో నిలబడి చూసింది. ఫ్యాన్‌ను చూడలేదు, ఫ్యాన్ గాలికి ఎగిరే నా పుస్తకం పేజీలను చూసింది. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు. రెండు రోజుల తర్వాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. వంటింటి బల్బు దగ్గర నుంచి పొడుగు వైరు కిటికీ దాటి పెరట్లోకి పోయింది. రేకుల కొట్టంలో, రాతి తొట్టి పక్కన, నా ఫ్యాన్ సీత ముఖానికి గాలి విసురుతోంది.

"అమ్మా, అది నాకు తెచ్చిండు నాయిన."

"నీకేమైతది పిల్లా, అరుగు మీద సదువుకో. దాన్ని చూడు, నాలుక బయట వెట్టి ఎట్ల రొప్పుతున్నదో. వేడికే చూడి నిలుస్త లేదేమో. అది చూడి కట్టకపోతే మీ నాయిన సంతకు కొట్టుకపోతనంటున్నడు."

అది నిజమే. నాయిన దసరా దాకా గడువు పెట్టాడు. పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, లోలోపల ఎంత సంబరపడ్డానో కూడా చెప్తాను. ఆవు సంతకు పోతే ఫ్యాన్ నాది, అమ్మ సాయంత్రాలు నావి, ఆ దాచిపెట్టుకున్న మాట కూడా వేరే దిక్కులేక నా దగ్గరికే వస్తుంది. పదిహేడేళ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలి? నాయినకు చెప్తే ఆయన కొట్టం దాకా పోయి, గాలికి చెవులు ఊపుతున్న సీతను చూసి నవ్వి స్నానానికి పోయాడు. ఆ ఇంట్లో అమ్మకు ఎదురుచెప్పే మనిషి లేడు.

ఒక పరీక్ష రోజు బస్సు రాలేదు. మణుగూరు నుంచి సగం దూరం లారీలో, మిగతాది నడిచి వచ్చాను. ఇంటి గడపలోకి వచ్చేసరికి కళ్ల ముందు నల్లటి చుక్కలు, నాలుక పిడచగట్టుకుపోయింది. అమ్మ అని పిలిచాను. పెరట్లోంచి "వస్తున్న" అంది. రాలేదు. గోడ పట్టుకుని వెనక్కి పోతే, అమ్మ చెంబుతో సీత నెత్తి మీద నీళ్లు పోస్తోంది, తడిగుడ్డ మడిచి దాని కొమ్ముల మధ్య పెడుతోంది. "ఎండ తాకిందా బిడ్డా? పోతది, పోతది" అంటోంది. నన్ను చూసి, "మజ్జిగ ఉట్టి మీదున్నది, తాగి పండుకో పిల్లా" అంది. మజ్జిగ తాగాను, పడుకున్నాను, సాయంత్రానికి లేచాను. ఏమీ కాలేదు. కానీ ఆ తడిగుడ్డ, దాన్ని మడిచిన తీరు, అది జారకుండా అమ్మ అరచేత్తో నొక్కి పట్టుకోవడం, ఇవన్నీ నాకు ఈ రోజుకీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఆ గుడ్డ నాకు కావాలి అనిపించింది. నీళ్లు కాదు, మజ్జిగ కాదు, ఆ గుడ్డే.

చివరి పరీక్ష ముందురోజు నాకు మొండితనం ఎక్కింది. నా ఫ్యాన్ నా దగ్గరికి రాకపోతే నేనే ఫ్యాన్ దగ్గరికి పోతానని పుస్తకం, ముక్కాలిపీట పట్టుకుని మిట్టమధ్యాహ్నం కొట్టంలోకి పోయాను. సీతను పక్కకు నెట్టి ఫ్యాన్‌కు ఎదురుగా కూర్చున్నాను. అప్పటిదాకా ఆ వేళకు మాలో ఎవరం అక్కడ నిలిచింది లేదు. అమ్మ పొద్దున పాలకూ సాయంత్రం పాలకూ లోపలికి పోయేది, మధ్యాహ్నం ఓ నిమిషం నిలబడి నీళ్లు పోసి, గుడ్డ తడిపి పెట్టి, వెంటనే వచ్చి ఇంట్లో పనులు చూసుకునేది. నేను కూర్చున్నాక అర్థమైంది. నెత్తి మీద రేకులు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తున్నాయి. వాటి నుంచి దిగే సెగ మాడు మీద చెయ్యి పెట్టి నొక్కినట్టుంది. ఫ్యాన్ ఆ సెగనే తెచ్చి ముఖాన కొడుతోంది. బయట వేపచెట్టు కింద దీనికంటే చల్లగా ఉంటుంది. పక్కన సీత డొక్కలు ఎగరేస్తోంది, మూతి నుంచి చొంగ తీగలా సాగుతోంది, తొట్టిలో పొద్దున వేసిన గడ్డి అలాగే ఉంది. అది తల తిప్పి నా వైపు చూసి, గాలి కోసం ముందుకు జరిగి, కొమ్ముతో జాలీని నొక్కింది. నొక్కుకుపోయింది అప్పుడే. నాకు దాని మీద జాలి కలగలేదు. ఒక ఉపాయం తట్టింది, అంతే.

"అమ్మా, నీ ఆవుకు ఫ్యాన్‌తోటి ఏం ఫాయిదా లేదు. అది గాలి గాదు, పొయ్యిల సెగ. రేకులు కాలుతున్నయ్. పైన గడ్డి కప్పిస్తే సల్లగుంటది. నా ఫ్యాన్ నాకియ్యి."

"ఫ్యాన్ కోసం ఎన్ని ఏషాలే నీకు?" అంది అమ్మ. అమ్మ సరిగ్గానే అనుకుంది, అది ఫ్యాన్ కోసమే.

"నువ్వు పోయి కూసో. కూసొని చెప్పు."

అమ్మ పంతానికి పోయి ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను వేపచెట్టు కింద నిలబడి చూశాను. కాసేపటికి కొంగు తీసి ముఖం తుడుచుకుంది. ఇంకాసేపటికి మెడ. తర్వాత తలెత్తి రేకుల వంక చూసింది, చాలాసేపు చూసింది. తాను స్టేజీ దాకా పోయి మురిసి వచ్చిన రేకులవి. బయటికి వచ్చి, బోరింగు దగ్గర చెంబు నిండా నీళ్లు తన నెత్తి మీదే కుమ్మరించుకుంది. "నేనే ఉడుకవెట్టిన్నే దాన్ని" అంది. నాతో అనలేదు, తనతోనే అనుకుంది.

ఇంటి కప్పుకు వేసే గడ్డి అడవిలో చలికాలంలో కోస్తారు. ఎండాకాలం వచ్చాక ఎవరి దగ్గరా ఉండదు, వానల ముందు తమ ఇల్లు కప్పుకోవడానికి దాచినవాళ్ల దగ్గర తప్ప. మా వాడలో అలా దాచింది పెద్దమ్మ ఒక్కతే. అమ్మ నన్ను పంపింది. పెద్దమ్మ దూడకు పాలు తాగిస్తూ నా మాట మొత్తం విని, "మీ అమ్మకు కాళ్లు లెవ్వా?" అంది. ఆ మాటే వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ వాకిట్లో గుమ్మడికాయ వంక ఒకసారి చూసి, దాన్ని కాలితో పక్కకు దొర్లించి, తడి జుట్టుతోనే కంప దగ్గరికి పోయింది.

"అక్కా, గడ్డి గావాలె."

"ఏందీ, బంగ్లా మీద గడ్డి కప్పుతవా? ఊళ్లె నవ్వరా?"

"నవ్వనీ. నా ఆవు నోరు తెరుసుకొని నిలవడ్డది."

పెద్దమ్మ దూడను తల్లి దగ్గర నుంచి లాగి కట్టేసింది. "నా జున్ను పారవోసినవట గదా?" అంది. అమ్మ నా వంక చూసింది, నేను మూతి తుడుచుకున్నాను. "పారవొయ్యలే. మా పిల్ల మింగింది" అంది అమ్మ. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. గడ్డి మోపులు కంప మీంచి మా వైపుకు ఒకటొకటే పడ్డాయి. సగం తన ఇంటికి ఉంచుకుని సగం ఇచ్చింది. ఆ వానాకాలం వాళ్ల వంటింటి మూల కారింది, పెద్దమ్మ ప్రతి వానకూ కంప మీంచి ఆ మాట వినిపించేది, అమ్మ ప్రతిసారీ విననట్టు ఉండేది.

రేకుల మీద గడ్డి పరిచి, వెదురు బద్దలతో అణగదొక్కి, మధ్యాహ్నం పూట పైన నీళ్లు చల్లేవాళ్లం. బస్సు స్టేజీ నుంచి చూస్తే మెరుపు లేదు. సీత రెండు రోజుల్లో తొట్టి ఖాళీ చేయడం మొదలుపెట్టింది. ఫ్యాన్ మాత్రం అక్కడే ఉంది. "ఇప్పుడు గాలి సల్లగొస్తున్నది పిల్లా, ఇప్పుడెట్ల తీస్త?" అంది అమ్మ. నా ఉపాయం నాకే ఎదురు తిరిగింది. పరీక్షలు అరుగు మీద చెమటలోనే అయిపోయాయి. పాసయ్యాను. వచ్చిన మార్కులకు ఆ ఫ్యాన్ లేకపోవడమే కారణమని పెళ్లయ్యేదాకా చెప్పుకున్నాను.

అయినా వెంటనే ఏమీ జరగలేదు. ఒంట్లో దిగిన వేడి అంత తొందరగా వదలదని రవి ఇప్పుడు చెప్తున్నాడు, అప్పుడు మాకు తెలియదు. వానలు పడ్డాక కూడా ఒకసారి తిరగపొర్లింది. నాయిన సంత రోజు అడిగి తెలుసుకున్నాడు. అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు. బతుకమ్మ పూలు కోసుకొచ్చే రోజుల్లో ఒక తెల్లవారుజామున సీత అరిచింది. పెద్దమ్మ వాళ్లింట్లో అందరూ లేచేలా, వీధి చివరి కుక్కలు మొరిగేలా అరిచింది. అమ్మ పరుగెత్తిన తీరు నేను మరిచిపోలేను, పండగకు కట్టాల్సిన కొత్త చీర అడ్డదిడ్డంగా చుట్టుకుని, కంపౌండరు కోసం నాయినను సైకిలెక్కించింది. ఆ తర్వాత మూడు వారాలూ ఇల్లు నోరు మూసుకుంది. మూడు వారాలు దాటాయి. అరవలేదు. కంపౌండరు కొన్నాళ్లకు వచ్చి చెయ్యి పెట్టి చూసి "చూడి" అన్నాడు. ఈసారి అమ్మ కొత్త సబ్బు విప్పి ఇచ్చింది. నేను బియ్యం కుండల దగ్గర కూర్చుని, ఫ్యాన్ ఇక రాదని నిశ్చయం చేసుకున్నాను.

మరుసటేడు వానలతో పాటు దూడ పుట్టింది. అమ్మ జున్ను వండింది. మొదటి గిన్నె, అంచుల దాకా నింపి, పైన కొంగు కప్పి, తానే స్వయంగా పెద్దమ్మకు పట్టుకుపోయింది. రెండోది నాయినకు. నాకు గిన్నె అడుగున అంటుకున్నది గరిటెతో గీకి పెట్టింది. "నువ్వు పోయినేడే తిన్నవ్ గదా" అంది. నేను పెళ్లయి అత్తగారింటికి పోయే రోజున అమ్మ నాతో బస్సు స్టేజీ దాకా వచ్చింది, బస్సు ఆలస్యమైతే పాలు పిండే వేళయిందని కళ్లు తుడుచుకుంటూ వెనక్కి పోయింది. బస్సు ఎక్కింది అమ్మ చూడలేదు. సీత ముసలిదై చచ్చిపోయినప్పుడు మాత్రం రెండు రోజులు పొయ్యి వెలిగించలేదని రవి ఉత్తరం రాశాడు. చదివి నేను ఏడవలేదు. చచ్చిపోయాక కూడా అదే గెలిచిందనుకున్నాను.

రవి డెయిరీలో ఇప్పుడు ఎవరూ ఆవు చెవిలో మాట్లాడరు. ప్రతి ఆవు చెవికీ పసుపుపచ్చ బిళ్ల, బిళ్ల మీద అంకె. వాటికి పేర్లు లేవు. ఎద వచ్చిందో లేదో మెడకు కట్టిన పరికరం ఫోనుకు చెప్తుంది. జున్నుపాలు సీసాల్లో నింపి ఖమ్మం పంపిస్తారు, కంప మీంచి ఏ గిన్నే పోదు, పక్కవాళ్ల ఆవు చూడి కట్టిందో లేదో పక్కవాళ్లకు తెలియదు, తెలిస్తే కడుపు మండే తీరికా లేదు. ఎండ మాత్రం మా రోజులకంటే ముందే వస్తోంది. మాఘంలోనే ఫ్యాన్లు తిప్పుతున్నానన్నాడు. అడవి కూడా మేం చూసినంత దగ్గరగా లేదు. పాలు ఎక్కువ, చూళ్లు ఎక్కువ, సుఖం ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ అన్ని ఆవుల్లో ఒక్కదాని మీద కూడా నాకు అసూయ పుట్టలేదు. వాటి దగ్గర నాకు కావాల్సింది ఏదీ లేదు.

పోయిన ఎండాకాలం అమ్మ ఖమ్మంలో నా దగ్గరే ఉంది. జ్వరం, తగ్గడం, మళ్లీ జ్వరం. ఏసీ గదిలో పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసి పక్కనే కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయిన నిశ్శబ్దంలో గది మెల్లమెల్లగా వేడెక్కింది. నేను విసనకర్రతో విసురుతున్నాను, నా ముఖం మీద చెమట కారి అమ్మ చేతి మీద పడుతోంది. అమ్మ కళ్లు తెరిచింది. నన్నే చూసింది, చాలాసేపు చూసింది. తన నుదుటి మీది తడిగుడ్డ తీసి, మడత పెట్టి, నా నెత్తి మీద ఉంచింది. జారకుండా అరచేత్తో నొక్కి పట్టుకుంది.

"సీతా, ఎండల నిలవడ్డవేందిరా బిడ్డా. నీడకు రా."

"అవ్, వస్తున్న" అన్నాను.

నా పేరు సీత కాదని చెప్పలేదు. అమ్మ చెయ్యి అలసిపోయి జారిపోయేదాకా తల వంచి అలాగే ఉన్నాను.